అద్దంలో లారీ ఎంత దూరం?

పాలకొల్లు వైపు కాలువ గట్ల మీద సైకిలు తొక్కేవాళ్లకి ఎడమ పక్క కాలువ, కుడి పక్క రొయ్యల చెరువు, మధ్యలో సన్నటి తారు రోడ్డు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా నిండా కాలువలు అల్లుకున్నాయి, వాటి గట్లే ఎన్నో ఊళ్లకి దారులయ్యాయి. ఎత్తుపల్లాల్లేని నేల కాబట్టి సైకిలుకి హాయే. తప్పుకోడానికే చోటుండదు. వెనకాల ఏం వస్తోందో ముందే తెలియాలి.

తల తిప్పి చూస్తే సరిపోదా? తలతోపాటు భుజం తిరుగుతుంది, భుజంతోపాటు హ్యాండిల్ కుడికి లాగుతుంది. లారీ వచ్చేదీ ఆ వైపే. పైగా గంటకి 14 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను వెనక్కి చూశామంటే దాదాపు 4 మీటర్లు ముందు చూడకుండా వెళ్లిపోయినట్టే. క్యారియర్ మీద కొబ్బరికాయల బస్తా ఉంటే, తిప్పినా కనబడేది బస్తానే. చెవిని నమ్ముకుందామంటే బ్యాటరీ ఆటోలకి చప్పుడే లేదు.

అందుకే కుడి హ్యాండిల్‌కి గుండ్రటి అద్దం ఒకటి బిగించుకున్నాను. అది కుంభాకార దర్పణం, అంటే బయటికి ఉబ్బిన అద్దం. రోడ్డంతా చూపిస్తుంది, కానీ ప్రతిదాన్నీ చిన్నది చేసి చూపిస్తుంది. చిన్నగా కనబడేది దూరంగా ఉందనుకోవడం మన కంటికి అలవాటు. ప్రమాదం అక్కడే ఉంది.

లెక్క వేసి చూడండి. అద్దం వక్రతా వ్యాసార్థం, అంటే ఆ ఉబ్బు ఏ గోళంలో ముక్కో ఆ గోళం వ్యాసార్థం, 60 సెంటీమీటర్లు, కంటికీ అద్దానికీ మధ్య దూరం కూడా అంతే అనుకుందాం. 20 మీటర్ల వెనకున్న లారీ, మామూలుగా 60 మీటర్ల దూరంలో ఉంటే ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. సైకిలు కన్నా అది గంటకి 36 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వస్తుంటే సెకనుకి 10 మీటర్లు దగ్గరపడుతుంది. ఇంకా ఆరు సెకన్లుందిలే అనుకుంటాం. ఉన్నది రెండే.

అయితే పరిమాణంలో మోసం చేసే ఈ అద్దం ఒక్క విషయంలో దాదాపు నిజమే చెబుతుంది. బొమ్మ రెట్టింపయిందంటే దూరం సగమైందన్నమాట. రెట్టింపు కావడానికి ఒక సెకను పట్టిందా, అదే వేగంతో వస్తే మిగిలింది ఇంకో సెకనే. నాకు ఈ సంగతి తెలిశాక అద్దం చూసే తీరే మారిపోయింది. ఒకసారి చూసి వదిలెయ్యను, వెంటనే రెండోసారి చూస్తాను. అగ్గిపుల్ల తలంత ఉన్న లారీ రెండో చూపుకి శనగగింజంత అయితే ఇక ఆలోచించను, గట్టు అంచుకి జరిగి కాలు కింద పెట్టేస్తాను. చేపల లారీ దాటిపోయాక మంచునీళ్ల తుంపర చేతి మీద పడుతుంది.

కుడికి మళ్లేటప్పుడు మాత్రం అద్దం చూశాక కూడా తల తిప్పాల్సిందే, అద్దానికి అందని మూల ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గుంతల్లో బొమ్మ అదిరిపోతుంది. ధనుర్మాసంలో అయితే గట్టెక్కేలోపే మంచు పట్టేస్తుంది. నేను కండువా కొసతో తుడిచి, లోపలి అంచున నా మోచెయ్యి కాస్త కనబడేలా తిప్పుకుని బయల్దేరతాను.