బల్ల ఆదివారానికి ముందు శనివారం

మా పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవ సంఘాల్లో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ప్రసంగం అయ్యి, బల్ల మీద తెల్లగుడ్డ తీసే టైంకి కొంతమంది మెల్లగా చెప్పులేసుకుని బయటికెళ్లిపోతారు. అడిగితే "నేను యోగ్యురాల్ని కాదమ్మా" అంటారు. మా పిన్ని వరస ఆవిడ ఒకామె ఇలాగే ఏళ్ల తరబడి రొట్టె తీసుకోలేదు, ఒకప్పుడు ఎవరో పెద్దాయన అందరి ముందూ అన్న మాట ఇంకా మనసులో ఉండిపోయింది ఆవిడకి. చూస్తుంటే నాకు చాలా బాధేస్తుంది.

ఈ భయానికి మూలం తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు గ్రీసులోని కొరింథు సంఘానికి సుమారు క్రీ.శ. 55లో రాసిన మొదటి పత్రిక (బైబిల్లోని ఉత్తరం), 11వ అధ్యాయం. అక్కడ బల్ల భోజనంలో జరిగిందేంటంటే, ఉన్నోళ్లు ముందే తినేసి తాగేసి మత్తులో ఉండేవాళ్లు, లేనోళ్లేమో ఆకలితో ఉండిపోయేవాళ్లు. అందుకే "అయోగ్యముగా" తినొద్దన్నాడు. గమనించండి, "అయోగ్యుడు" తినొద్దు అనలేదు, అయోగ్యముగా అన్నాడు, అంటే మనిషి ఎలాంటోడని కాదు, ఎలా తింటున్నాడని. అదే అధ్యాయం చివర్లో "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని కూడా ఉంది, ఆ మాట మాత్రం బల్లకి ముందు పెట్టుకునే మన సిద్ధపాటు కూటాల్లో ఎవరూ పెద్దగా చదవరు.

సుమారు 155లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసినదాన్ని బట్టి చూస్తే రాలేకపోయినవాళ్లకి డీకన్లు (సంఘ పరిచారకులు) ఆ రొట్టె, రసం ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లు. తర్వాత్తర్వాత భయం ఎంత పెరిగిందంటే జనం తీసుకోవడమే తగ్గించేశారు, 1215లో రోములో జరిగిన లాటరన్ మహాసభ కనీసం ఏడాదికోసారి, ఈస్టర్‌కైనా తీసుకోవాలని రూల్ పెట్టాల్సొచ్చింది. తరచుగా రండి అని పదో పయస్ పోపు పిలిచింది 1905లో. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లు రొట్టె తీసుకునే ముందు ఉండే ఉపవాసం కూడా ఒకప్పుడు అర్ధరాత్రి నుంచి ఉండేది, 1957లో మూడు గంటలు, 1964లో ఒక గంట అయింది.

మా వైపు రెండు పద్ధతులు కలిశాయి. కోరాపుట్, జయపురం వైపుకి 1882లో జర్మనీలోని బ్రెక్లం నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు, మావాళ్లేమో 1874లో కాకినాడలో మొదలై ఉత్తరానికి వచ్చిన కెనడా బాప్టిస్టుల చేతిలో పెరిగారు. రొట్టెలో ప్రభువు శరీరం నిజంగా ఉందా, లేక అది జ్ఞాపకార్థమేనా అని నిజంగా ఉందన్న లూథర్ (లూథరన్ల గురువు), జ్ఞాపకార్థమే అన్న జ్వింగ్లీ (బాప్టిస్టులదీ ఇదే మాట) 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో కూర్చుని కూడా తేల్చుకోలేకపోయారు, ఆ తేడా మా పెళ్లి సంబంధాల దాకా వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినా బల్ల దగ్గర పాట మాత్రం తెలుగులోనే ఉంది.

అసలు మన దేశంలో బల్లకి జరిగిన పెద్ద అవమానం కులం. తంజావూరు వైపు సంఘాల్లో కులాలవారీగా వేరే కూర్చోవడం, బల్ల దగ్గరికి వేరేగా రావడం ఉండేది, 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఇది ఆపాల్సిందేనని లేఖ రాస్తే చాలామంది సంఘమే వదిలి వెళ్లిపోయారు. ఒకే గిన్నె అంటే ఇక్కడ అంత కష్టం మరి. కొరింథులో పౌలు తిట్టింది అచ్చం దీన్నే. తలమీద కొంగు వేసుకున్నామా, రొట్టె నలిగిందా అని చూసుకునే మనం, పక్కన కూర్చున్నవాళ్లని చిన్నచూపు చూస్తూ రొట్టె అందుకుంటే అది భక్తి ఎలా అవుతుంది?

మా అమ్మమ్మకి ఇది ఎవరు నేర్పారో తెలీదు. శనివారం సాయంత్రం బల్లలో ఇచ్చే రసం కోసం ఎండుద్రాక్ష నానబెట్టి, ఉడికించి, పాత పంచె ముక్కలో వడగట్టడం ఆవిడ పని. ఒకసారి పొలం గట్టు తగువులో పక్కింటావిడతో మాటలు లేవు. రసం పొయ్యి మీంచి దించేసి, చేతులు తుడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లింది, వెనకాల నేను. గుమ్మంలో నిలబడి "రేపు బల్ల ఉంది కదే, నా మీద ఏటీ ఉంచుకోకు" అంది. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పీట వేసింది. చీకటి పడేదాకా ఇద్దరూ వడ్ల రేటు గురించి మాట్లాడుకుని, మేం ఇంటికొచ్చాకే రసం వడగట్టింది.