పనిచేసే చోట ప్రశ్నలు: అపోహలు, వాస్తవాలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి పని నేర్పడం నా వృత్తి. ప్రశ్నలు అడగడం గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: అడిగితే పని రాదని తెలిసిపోతుంది.

వాస్తవం: చేరిన కొత్తలో అడిగినదాన్ని ఎవరూ తప్పుపట్టరు. తెలిసినట్టు తలూపుతూ నెలలు గడిపేస్తేనే చిక్కు. కాకపోతే ఎంతవరకు ప్రయత్నించారో చెప్పి అడగండి. "నాకు అర్థం కాలేదు" అంటే ఎదుటివారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "ఇక్కడిదాకా చేశాను, ఈ మొత్తం పాత నివేదికతో సరిపోవడం లేదు, దేన్ని తీసుకోవాలి?" అంటే నిమిషంలో తేలిపోతుంది.

అపోహ: ఎవరూ అడగలేదంటే అందరికీ అర్థమైనట్టే.

వాస్తవం: కానే కాదు. "సందేహాలున్నాయా?" అనగానే "లేవండీ" అనడం అందరికీ అలవాటు. అందుకే నేను ఆ మాట మానేసి, "ఇప్పుడు ముందుగా ఏం చేస్తారు? మధ్యలో ఆగిపోతే ఎవరిని పిలుస్తారు?" అని అడుగుతాను. అర్థం కానిదేదో అప్పుడు బయటపడుతుంది.

అపోహ: అవసరమైనప్పుడు ఎవరైనా అడుగుతారు, అది వారి బాధ్యత.

వాస్తవం: అడగడం ఒక్కటే సరిపోదు, వినేవారు కావాలి. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. నెదర్లాండ్స్ సంస్థ కేఎల్ఎం విమానం టేకాఫ్ కోసం పరుగు మొదలుపెట్టాక, అమెరికా సంస్థ పాన్ ఆమ్ విమానం రన్‌వే నుంచి తప్పుకుందా లేదా అని కేఎల్ఎం ఫ్లైట్ ఇంజినీర్ (కాక్‌పిట్‌లో యంత్రాలను గమనించే ఉద్యోగి) అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. ఇంజినీర్ మళ్ళీ అడగలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. సరైన ప్రశ్నే, సరైన సమయంలోనే వచ్చింది; దాని మీద ఆగి ఆలోచించే అలవాటే అక్కడ లేకపోయింది. కింది ఉద్యోగి సందేహాన్ని పైవారు తప్పక పట్టించుకోవాలని విమాన సిబ్బందికి ఇప్పుడు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తున్నారు. ఈ శిక్షణ ప్రతి కార్యాలయానికీ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. పై అధికారి ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ గదిలో మళ్ళీ ఎవరూ నోరు విప్పరు.

అపోహ: ప్రశ్నలతో పని ఆగిపోతుంది.

వాస్తవం: కొన్నిసార్లు ఆగాలి కూడా. టయోటా కర్మాగారాల్లో ఏదైనా తేడాగా కనిపిస్తే కార్మికుడే హెచ్చరిక తాడు లాగుతాడు, లేదా బటన్ నొక్కుతాడు. బృంద నాయకుడు వెంటనే వచ్చి చూస్తాడు. అప్పటికీ తేలకపోతే ఉత్పత్తి ఆగుతుంది. లోపమున్న బండి ముందుకు వెళ్ళిపోయాక సరిచేయడం అంతకన్నా ఖరీదైన పని.

అపోహ: "ఎందుకు?" అనేదే అన్నిటికన్నా మంచి ప్రశ్న.

వాస్తవం: యంత్రం గురించైతే నిజమే. మనిషిని "ఎందుకిలా చేశావు?" అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. "ఆ సమయంలో నీకు ఏం కనిపించింది?" అని అడిగి చూడండి, జరిగింది జరిగినట్టు చెబుతారు.