“టెన్షన్లన్నీ పెద్దసార్లకే” అనుకునేవాళ్ళ కోసం

ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు చేసేటప్పుడు, కిందిస్థాయి సిబ్బంది నోట నేను పదే పదే వినే మాట ఇది: “నాకేం టెన్షన్ మేడమ్? బీపీలూ గుండెపోట్లూ పెద్దసార్లకి కదా!”

అపోహ: పదవి పెరిగేకొద్దీ గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది.

వాస్తవం: లెక్కలు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉన్నాయి. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో సుమారు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగులను ఏళ్ళ తరబడి గమనించారు. అట్టడుగు గ్రేడులో ఉన్న మెసెంజర్లు, డోర్‌కీపర్ల మరణాల రేటు పై అధికారులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. వాళ్ళలో తిండికి లేనివాళ్ళెవరూ లేరు. అందరికీ నెల జీతం, ఉచిత వైద్యం ఉన్నాయి. పైగా హోదా ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతూ వచ్చింది.

“సిగరెట్లు ఎక్కువ కాలుస్తారు కాబట్టి” అని కొట్టిపారేయకండి. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కలిపినా ఈ తేడాలో సుమారు మూడో వంతుకే లెక్క కుదిరింది. 1985లో ఆడవాళ్ళనూ చేర్చి మొదలుపెట్టిన రెండో అధ్యయనంలో ఇంకో కారణం బయటపడింది. తన పని మీద తనకు పట్టు లేనివాళ్ళకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోంది. అధికారికీ ఒత్తిడి ఉంటుంది, కాదనను. కానీ మీటింగ్ రేపటికి మార్చుకోగలడు. ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియని మనిషికి ఒళ్ళు రోజంతా అప్రమత్తంగానే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇలాగే సాగితే బీపీ, షుగర్, రక్తనాళాలు అన్నింటి మీదా దెబ్బ పడుతుంది.

ఒక అటెండరు గారి బీపీ 170/110 ఉంది. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందట. “గ్యాస్ మేడమ్” అంటూ జేబులోంచి సగం ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్ తీసి చూపించారు. చేతికి బీపీ పట్టీ ఉండగానే ఆయన చూపంతా తలుపు మీదే. ఈసీజీ తీద్దాం, కూర్చోండి అంటే, “పర్మిషన్ అడిగొస్తా” అని లేచారు. అదే ఆఫీసులోని అధికారి ఆ ఉదయమే ఒక్క ఫోన్‌తో తన పరీక్షలన్నీ ఖాయం చేసుకున్నారు. నేనే పైవాళ్ళకు ఫోన్ చేసి, ఈసీజీ తీయించి, అటెండరు గారిని ఆ రోజే గుండె డాక్టరు దగ్గరికి పంపాను.

“మనసు గట్టిగా ఉంటే ఏ జబ్బూ రాదు” అనే ఫార్వర్డులు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బుపడ్డ మనిషి మీద నింద కూడా వేయడమే అది. జీతం పెరిగితే చాలు అనేది సగం నిజం. డబ్బు ముఖ్యమే, కానీ నలుగురిలో విలువ, పనిలో మాట చెల్లుబాటు కూడా ముఖ్యమే.

“చిన్న ఉద్యోగం, ఇక నా పని అయిపోయినట్టేనా?” అని భయపడేవాళ్ళూ ఉన్నారు. కాదండీ. ఇవి వేలమంది సగటు లెక్కలు, మీ జాతకం కాదు. బీపీ మాత్ర మీ హోదా చూసి పనిచేయదు. నడిస్తే ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గుతోందంటే గ్యాస్ అని మీరే తేల్చేయకండి, డాక్టరుకు చూపించండి. ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి మళ్ళీ వస్తే మళ్ళీ వెళ్ళండి. కూర్చున్నా తగ్గకపోతే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మీ కింద పనిచేసేవాళ్ళు పరీక్షకని గంట అడిగితే, ఆరాలు తీయకుండా పంపించండి.