సగటు మార్కులకు ఆప్టోమెట్రీ సీటు రాదా? అమెరికాలో మనవాళ్ళ అపోహలు

పోయిన నెల ఒక గృహప్రవేశంలో, ప్లేటులో పులిహోర పడేలోపే ఒకావిడ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. "ఏమ్మా, మా పాప జీపీఏ 3.2 అంట. ఇంక ఆప్టోమెట్రీ మీద ఆశ వదులుకోవడమేనా?" జీపీఏ అంటే కాలేజీ గ్రేడ్ల సగటు, 4.0కి లెక్క. పాప అక్కడే ఉంది. తల ఎత్తకుండా ఫోన్ చూసుకుంటోంది.

అమెరికాలో ఆప్టోమెట్రిస్టుగా, అంటే కళ్ళు పరీక్షించి అద్దాలూ మందులూ రాసే డాక్టరుగా, పదకొండేళ్ళ నుంచి ప్రాక్టీసు చేస్తున్నాను. పండగలకీ పుట్టినరోజులకీ వెళితే నన్ను కళ్ళ గురించి అడిగేవాళ్ళు తక్కువ, ఈ ప్రశ్న అడిగేవాళ్ళే ఎక్కువ. అడిగేది తల్లిదండ్రులు, తల దించుకునేది పిల్లలు. కాలేజీలో నా జీపీఏ కూడా 3.1 దాటలేదు. ఆ తల దించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ప్రతి ఫంక్షన్‌లోనూ చెప్పే బదులు ఒకసారి రాసేద్దామని కూర్చున్నా.

అపోహ: "సైట్‌లో సగటు 3.5 అని ఉంది. మాది 3.2. కాబట్టి రాదు."

ఎక్కువమందిని ముంచింది ఇదే. మిగతా అపోహలన్నీ కలిపినా దీనికి సాటిరావు.

ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మన తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు ఎంసెట్ కౌన్సెలింగ్ చూసినవాళ్ళు. ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో చూసుకునేవాళ్ళు. ఆ లాస్ట్ ర్యాంకు దాటితే ఇక మాట్లాడే పని లేదు. మనిషి ఎవరు, ఎందుకు చదువుతానంటున్నాడు అని అక్కడ అడిగేవాళ్ళుండరు. ఆ అలవాటు మీద ఇక్కడి స్కూల్ సైట్‌లో 3.5 కనబడగానే అదే లాస్ట్ ర్యాంకు అనుకుంటాం. అది సగటు. చేరినవాళ్ళలో ఇంచుమించు సగంమంది దానికి కిందే ఉంటారు.

ఆప్టోమెట్రీ స్కూళ్ళ సంఘం ఆస్కో, కొత్తగా చేరిన బ్యాచ్ వివరాలు స్కూలువారీగా పట్టికలో పెడుతుంది. అందులో సగటు పక్కనే కనిష్ఠం, గరిష్ఠం కూడా ఉంటాయి. మనవాళ్ళు సగటు గడి చూసి పేజీ మూసేస్తారు. కనిష్ఠం గడి చూడండి. చాలా స్కూళ్ళకు అక్కడ 3.0 కంటే తక్కువ అంకె కనిపిస్తుంది. 2.8తో హాయిగా సీటు వచ్చేస్తుందని దీనర్థం కాదు. ఆ అంకె వెనక ఏదో ఒక గట్టి కారణం ఉంటుంది. కానీ తలుపు మూసిలేదు.

మరి సీట్లిచ్చే అడ్మిషన్ కమిటీ ఏం చూస్తుంది? అందరం అప్లై చేసేది ఆప్టమ్‌కాస్ అనే ఒకే పోర్టల్ ద్వారా. అది మొత్తం జీపీఏ ఒక్కటే లెక్కకట్టి ఊరుకోదు. ఏ ఏడాది ఎంత, సైన్స్ సబ్జెక్టుల్లో ఎంత అని విడివిడిగా పంపిస్తుంది. ఒకమ్మాయికి నాలుగేళ్ళూ వరుసగా 2.7, 3.0, 3.4, 3.7 వచ్చాయనుకోండి. ఇంకో అబ్బాయికి అవే అంకెలు తిరగేసి వచ్చాయి, మొదట 3.7, చివర 2.7. ఇద్దరి సగటూ 3.2. అమ్మాయి ఫైల్ చూస్తే "ఆలస్యంగానైనా దారిలో పడింది" అనిపిస్తుంది. అబ్బాయి ఫైల్ చూస్తే "ఏమైంది ఇతనికి?" అనిపిస్తుంది. మన ఇళ్ళలో మాత్రం ఇద్దరూ 3.2 గాళ్ళే.

ఇంతవరకు నష్టం లేదు, బాధే. అసలు నష్టం తర్వాత మొదలవుతుంది. "సరే, ముందు జీపీఏ పెంచుకుని, అన్నీ సరిచేసుకుని అప్పుడు అప్లై చేద్దాం" అంటారు. కాగితం తీసుకుని లెక్క వేయండి. 120 క్రెడిట్లకు 3.1 ఉంది. ఇంకో ఏడాది ఫీజు కట్టి 30 క్రెడిట్లు చదివి, ప్రతిదాంట్లోనూ "ఏ" గ్రేడే (4.0) తెచ్చుకున్నారు. ఇప్పుడెంత? 3.28. ఒక్క బీ కూడా రాకుండా ఏడాదంతా చదివితే వచ్చింది అంత. పాత సబ్జెక్టు మళ్ళీ రాస్తే పాత గ్రేడు పోతుందనుకుంటారు కొందరు. మీ కాలేజీ లెక్కలో పోతుందేమో, ఆప్టమ్‌కాస్ లెక్కలో పోదు. రెండూ కలుపుతుంది.

అదనంగా చదవడం అసలు వద్దనను. చివరి రెండేళ్ళు కూడా పడిపోయి ఉంటే, లేదా బయోకెమిస్ట్రీ లాంటి తప్పనిసరి సబ్జెక్టులో సీ మైనస్ ఉంటే, అది దిద్దుకోవాల్సిందే. కానీ అంకె పెంచడం కోసం చదవడం వేరు, "ఇప్పుడు చదవగలను" అని చూపించడానికి చదవడం వేరు. రెండోదానికి నాలుగైదు గట్టి సైన్స్ సబ్జెక్టులు చాలు, అదీ అప్లికేషన్ పంపేశాక చదువుకోవచ్చు.

ఎందుకు పంపేశాక అంటున్నానంటే, చాలా స్కూళ్ళది రోలింగ్ అడ్మిషన్. పోర్టల్ వేసవిలో తెరుస్తారు. ఫైళ్ళు వచ్చినవి వచ్చినట్టు చదువుతారు, ఇంటర్వ్యూకి పిలుస్తారు, సీట్లు ఇచ్చేస్తూ పోతారు. గడువు తేదీ వసంతంలో ఉంటుంది కాబట్టి బోలెడు టైముందని మనం అనుకుంటాం. ఫిబ్రవరికి వంద సీట్లలో ఎన్ని మిగులుతాయో ఆలోచించండి. 3.8 వాళ్ళు ఆలస్యంగా వచ్చినా ఎక్కడో అక్కడ సీటు దొరికించుకుంటారు. సగటు మార్కులవాళ్ళకే తొందర అవసరం, వాళ్ళే ఆలస్యం చేస్తారు.

నా సంగతి చెబుతాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ వచ్చింది. అది కడిగేసుకుని గానీ అప్లై చేయకూడదని, మళ్ళీ రాసి బీ తెచ్చుకుని, తీరిగ్గా ఫిబ్రవరిలో పంపాను. రెండు చోట్ల కాదన్నారు, ఒక చోట వెయిట్‌లిస్ట్. ఆ లిస్ట్ కదల్లేదు. నాన్న ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. మరుసటి ఏడాది అదే జీపీఏ, అదే ఓఏటీ (ఆప్టోమెట్రీ ప్రవేశ పరీక్ష) స్కోరు, జులైలో పంపాను. అక్టోబర్ లోపు మూడు ఇంటర్వ్యూలు. రెండోసారి అప్లికేషన్‌తో పంపే వ్యాసం కాస్త బాగా రాశాను, ఒప్పుకుంటాను. కానీ మారిన పెద్ద విషయం నెల ఒక్కటే.

ఇంటర్వ్యూలో ఆ సీ గురించి అడిగారు. మొదటి ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ సరిగ్గా చెప్పలేదన్నాను. ఎదుటి ఆవిడ చిరునవ్వు నవ్వి ఫైల్లో ఏదో రాసుకుంది, నా పని అయిపోయిందని అప్పుడే తెలిసింది. రెండోచోట "బట్టీ పట్టాను, అర్థం చేసుకోలేదు. తర్వాత పద్ధతి మార్చుకుంటే బయోకెమిస్ట్రీలో బీ ప్లస్ వచ్చింది" అని ఊరుకున్నాను. వెంటనే వేరే ప్రశ్నకు వెళ్ళిపోయారు. సాకు చెబితే అక్కడే ఆగిపోతారు, జరిగింది చెబితే ముందుకు పోతారు.

అపోహ: "జీపీఏ తక్కువైతే ఓఏటీ ఎంత వచ్చినా లాభం లేదు."

తిరగబడిన మాట. జీపీఏ నాలుగేళ్ళ బరువు, కదలదు. ఓఏటీ మూడు నెలల పని. స్కోరు 200 నుంచి 400 దాకా ఉంటుంది, 300 అంటే నడిమి స్థాయి. 3.1 ఉన్నవాళ్ళు 340 తెస్తే కమిటీ ఆ 3.1ని ఇంకో కంటితో చూస్తుంది. 290 తెస్తే వాళ్ళ అనుమానం నిజమైనట్టు. సైన్స్ విభాగం 100 ప్రశ్నలకు 90 నిమిషాలే, కాబట్టి తెలిస్తే చాలదు, వేగం కావాలి. ఫిజిక్స్‌కు వేరే విభాగం ఉంది. బయాలజీ పిల్లలు దాన్ని చివరి వారానికి వదిలేస్తారు. రేపు జీవితమంతా చేయబోయేది కటకాల లెక్కలే కదా, ఆప్టిక్స్ నచ్చకపోతే ఇటు రావడమెందుకు?

అపోహ: "ఆప్టోమెట్రీకి ఎవరొచ్చినా తీసుకుంటారు. మెడిసిన్ రానివాళ్ళకే కదా."

మొదటి దానికి పూర్తిగా అవతలి గట్టు ఇది. ఈ మాట అనే బాబాయిలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. బర్కిలీ, హ్యూస్టన్, ఒహాయో స్టేట్ లాంటి చోట్ల పోటీ గట్టిగానే ఉంటుంది. కొన్ని స్కూళ్ళలో అంత పోటీ లేదు, నిజమే. అయితే సీటు రావడంతో కథ అయిపోదు. ఎన్‌బీఈఓ బోర్డు పరీక్షలు రాస్తేనే లైసెన్సు, అవి మూడు భాగాలు. మొదటి భాగం మామూలుగా మూడో ఏడాదిలో రాస్తారు, అది పిల్లల్ని నిజంగా ఏడిపిస్తుంది. మూడో భాగానికి నార్త్ కరోలినాలోని షార్లెట్ దాకా వెళ్ళి పరీక్షకుల ముందు చేసి చూపించాలి.

సులువుగా సీటిచ్చే స్కూల్లో చేరేముందు ఆ స్కూలు బోర్డు ఫలితాలు చూడండి. స్కూళ్ళు వాటిని బయటపెట్టాలి. చిన్న కిటుకు చెబుతాను. పెద్ద అక్షరాలతో కనిపించేది తరచూ "అల్టిమేట్" పాస్ శాతం, అంటే రెండోసారి మూడోసారి రాసి పాసైనవాళ్ళు కూడా అందులోకి వచ్చేస్తారు. మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో అడిగి తెలుసుకోండి.

అప్పు సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోండి. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ లోన్ (చదువు ఖర్చంతటికీ దొరికే ఫెడరల్ అప్పు) లేదు. ఆప్టోమెట్రీ లాంటి ప్రొఫెషనల్ కోర్సుకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2,00,000 డాలర్ల వరకే. స్కూలు ఖర్చు అంతకు మించితే మిగతాది ఎక్కడినుంచి వస్తుందో ముందే తేలాలి. మీ రాష్ట్రంలో ప్రభుత్వ స్కూలుంటే అక్కడ తప్పకుండా అప్లై చేయండి, రాష్ట్రంలో ఉండేవాళ్ళకు ఫీజు తేడా చాలా ఉంటుంది.

మిగతావి గబగబా.

"బయాలజీ మేజరే ఉండాలి." అక్కర్లేదు. తప్పనిసరి సబ్జెక్టులు పూర్తయితే చాలు. అవి స్కూలుకొక రకంగా ఉంటాయి, జాబితా పక్కన పెట్టుకుని టిక్కు కొట్టుకోండి.

"కళ్ళజోళ్ళ షాపు పని." అది ఆప్టీషియన్ పని, దాంట్లో తప్పేమీ లేదు, కానీ వేరు. మేం గ్లాకోమాకు మందు రాస్తాం, కంట్లో పడిన ఇనుప నలుసు తీస్తాం. ఓక్లహోమాలో అయితే 1998 నుంచి ఆప్టోమెట్రిస్టులు కంటికి లేజర్ చికిత్స కూడా చేస్తున్నారు.

"ఇండియాలో బీఆప్టమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) చేసి వస్తే ఇక్కడ పరీక్ష రాసేసి ప్రాక్టీసు చేయొచ్చు." లేదు. ఇక్కడి గుర్తింపు ఉన్న ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) డిగ్రీ కావాలి. ఆ చదువు వృథా కాదు, క్లినిక్‌లో మీ చేతులు మిగతావాళ్ళకంటే ముందుంటాయి, అంతే.

"షాడోయింగ్ గంటలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది." షాడోయింగ్ అంటే డాక్టర్ పక్కన ఉండి పని చూడటం. గంటలు లెక్కపెట్టుకోవడం ఆపండి. ఒక డాక్టర్ దగ్గర మాటిమాటికీ కనిపించడం ముఖ్యం, ఎందుకంటే చాలా స్కూళ్ళు ఆప్టోమెట్రిస్టు రాసిన సిఫారసు లేఖ అడుగుతాయి లేదా ఉంటే ఇష్టపడతాయి. ఒక పూట వచ్చి మూల నిలబడి వెళ్ళినవాళ్ళకు నేను ఏం రాయను? వచ్చారు, వెళ్ళారు అని రాయాలి.

ఆ గృహప్రవేశంలో పాపని ఏడాదివారీగా మార్కులు చెప్పమన్నాను. మొదటి ఏడాది 2.6, మూడో ఏడాది 3.6. వాళ్ళమ్మకు ఆ 3.6 సంగతి అప్పటిదాకా తెలియదు. "ఎప్పుడూ చెప్పలేదేమే?" అంటే, "నువ్వు మొత్తమే అడిగావు కదమ్మా" అంది. ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం మా క్లినిక్‌కి వస్తోంది. పోర్టల్ తెరిచిన వారంలోనే పంపేస్తానంది. వ్యాసం మొదటి ప్రతి చూపించింది, మూడు పేరాలు ఎర్రపెన్నుతో కొట్టేశాను. "చిన్నప్పటినుంచి కళ్ళంటే ఇష్టం" అనే వాక్యం కొట్టేసినందుకు మాత్రం ఇంకా అలిగే ఉంది.