ముందు వరస టికెట్టు కొని మోసపోకండి: పాత ప్రోగ్ బ్యాండ్ల కచేరీలు, అపోహలు - వాస్తవాలు

బెంగళూరో ముంబయో వెళ్ళి పాతకాలపు ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగైన, చిక్కటి అల్లికల రాక్ పాటలు, ముద్దుగా ప్రోగ్) బ్యాండ్‌ను చూసొచ్చిన బెజవాడ, గుంటూరు అభిమానులు మాలాంటి సౌండ్ పనివాళ్ళ దగ్గర తరచూ అనే మాట ఒకటుంది. "ఏం లాభం లేదండీ, ముసలాళ్ళయిపోయారు. గొంతు వినపడలేదు, కీబోర్డు తెలియలేదు, దడదడ తప్ప ఇంకేం లేదు." ఎక్కడ నిలబడ్డారని అడిగితే మాత్రం జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "ముందేనండీ, బారికేడ్ పట్టుకుని. అన్నిటికన్నా ఖరీదైన టికెట్టే కొన్నాం."

ముప్పై నలభై ఏళ్ళు క్యాసెట్లలో విన్న బ్యాండ్. టికెట్టు, రైలు, లాడ్జి, రెండు రోజుల సెలవు. ఇంత పెట్టి వెళ్ళి, సౌండ్ సరిగ్గా అందని చోట నిలబడి, తప్పు ముసలాళ్ళ మీద వేసి తిరిగి రావడం చూస్తే బాధగా ఉంటుంది. అందుకే ముందు దీని సంగతి తేలుద్దాం.

అపోహ: స్టేజీకి ఎంత దగ్గరుంటే సౌండ్ అంత బాగుంటుంది

దగ్గరుంటే మనుషులు బాగా కనపడతారు, అంతవరకే. సౌండ్ విషయంలో మైదానం మొత్తం మీద అధ్వాన్నమైన చోట్లలో అదొకటి.

పెద్ద కచేరీలో ప్రధాన స్పీకర్లు నేల మీద పెట్టరు. స్టేజీకి అటూ ఇటూ ట్రస్‌కు, అంటే ఇనుప చట్రానికి, వేలాడదీస్తారు. ఒక్కో వైపు పన్నెండో పదహారో బాక్సులు, కిందికి వచ్చేకొద్దీ స్టేజీ వైపు వంగిన అరటిగెలలా ఉంటాయి. పై బాక్సుల గురి దూరపు వరసల మీద, కింది మూడు నాలుగు బాక్సుల గురి దగ్గరి జనం మీద. ఎంత వంచినా స్టేజీ అంచు నుంచి మొదటి ఐదారు మీటర్లు ఆ గురిలోకి సరిగ్గా రావు. ఆ ఖాళీ పూడ్చడానికి స్టేజీ అంచున చిన్న బాక్సులు పెడతాం, వాటిని ఫ్రంట్ ఫిల్ అంటాం. అవి ఉండేది జనం ఛాతీ ఎత్తులో. మీ ముందు ఇద్దరు నిలబడ్డారంటే పాటలోని హల్లులు, సింబల్స్ (డ్రమ్స్ పక్కనుండే లోహపు పళ్ళేలు), పన్నెండు తీగల గిటార్ మెరుపు వాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. మీదాకా వచ్చేది మొద్దుబారిన గొంతే.

ఇక బేస్. సబ్‌లు (బేస్ మాత్రమే పలికే పెద్ద బాక్సులు) బారికేడ్‌కు అవతల, నేల మీదే వరసగా పేర్చి ఉంటాయి. దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. సబ్‌కు రెండు మీటర్ల దూరంలో మీరున్నారు, ముప్పై రెండు మీటర్ల దగ్గర మిక్సర్ ఇంజనీరు ఉన్నాడు అనుకోండి. మధ్యలో దూరం నాలుగుసార్లు రెట్టింపైంది, అంటే లెక్క ప్రకారం 24 డెసిబెల్స్ తేడా. సబ్‌లు వరసగా ఉంటే ఈ తేడా కొంత తగ్గుతుంది గానీ పోదు. ఆయన గొంతునూ బేస్‌నూ తన చెవి ఉన్న చోట తూచి పెడతాడు. మీ దగ్గర ఆ తూకం ఉండదు: గొంతు మీ తల మీదుగా వెళ్ళిపోతుంది, బేస్ ఒక్కటీ గుండెల మీద పడుతుంది. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ మీద కట్టిన బాక్సుల పక్కన నిలబడి పాటలో మాటలు ఎవరికైనా అర్థమయ్యాయా?

మూడోది స్టేజీ నుంచి నేరుగా వచ్చే శబ్దం. ఒకప్పుడు ముందు నిలబడితే గిటార్ ఆంప్లిఫయర్లూ, గాయకుడు తన పాట తను వినడానికి ముందు పెట్టుకున్న మానిటర్ స్పీకర్లూ నేరుగా వినపడేవి. ఇప్పుడు వాయించేవాళ్ళలో చాలామంది ఇన్-ఇయర్లు, అంటే చెవిలోనే ఉండే మానిటర్లు, పెట్టుకుంటున్నారు, ఆంప్లిఫయర్లు స్టేజీ వెనక పెట్టెల్లోకి పోయాయి, కొందరికైతే అసలు లేనేలేవు. కాబట్టి ముందు వరసకు నేరుగా అందేది డ్రమ్స్ మోతే.

మూడే మూడు కార్డ్స్‌తో తేలిక పాట వాయించే బ్యాండ్ అయితే ఇదంతా సర్దుకుపోవచ్చు. ప్రోగ్‌కు కుదరదు. ఫ్లూట్, అకూస్టిక్ గిటార్, మెలోట్రాన్ (టేపులతో పలికే కీబోర్డు), ముగ్గురు నలుగురు కలిసి పాడే హార్మనీలు, వీటి ప్రాణమంతా మధ్య, పై స్వరాల్లో ఉంది. ఇరవై నిమిషాల పాటలో పది నిమిషాలు మెల్లగా నడుస్తుంది. ఆ పది నిమిషాలూ ముందు వరసవాళ్ళు పోగొట్టుకునేవే.

మరి ఎక్కడ ఉండాలి? టికెట్ల సైటులో సీటింగ్ మ్యాప్ తెరిచి, మధ్యలో చిన్న చతురస్రంలా గీసిన మిక్సర్ చోటు వెతకండి. ఆరుబయట మైదానంలో అది మామూలుగా స్టేజీ నుంచి 25-40 మీటర్ల దూరంలో ఉంటుంది. దానికి ముందు ఐదారు మీటర్లలోపో, పక్కనో ఉండే టికెట్టు తీసుకోండి. దాని వెనక వద్దు, ఆ వేదికా గొడుగులూ అడ్డం. ఈ చోటు చాలాసార్లు రెండో తరగతి టికెట్టులోనే దొరుకుతుంది, డబ్బూ మిగులుతుంది.

అక్కడా బేస్ వింతగా ఉండొచ్చు. సబ్‌లు ఎడమా కుడీ రెండు గుట్టలుగా పెట్టినప్పుడు సరిగ్గా మధ్య గీత మీద రెండు వైపుల బేస్ కలిసి బలంగా వస్తుంది. పక్కకు జరిగితే కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 60 హెర్ట్జ్ ధ్వని అల పొడవు ఆరు మీటర్లకు కాస్త తక్కువ. రెండు గుట్టల నుంచి మీ దూరాల్లో అందులో సగం, అంటే దాదాపు మూడు మీటర్ల తేడా వచ్చిన చోట ఆ స్వరం మాయమవుతుంది. బేస్ గిటార్ వినపడటం లేదనిపిస్తే వాయించేవాణ్ణి తిట్టేముందు రెండు మూడు మీటర్లు మధ్యకు జరిగి చూడండి.

హాల్లో అయితే బాల్కనీ కింద కూర్చోకండి. పై స్పీకర్ల ధ్వనికి బాల్కనీ అంచు అడ్డం. బాల్కనీ మొదలయ్యే చోటికి రెండు వరసలు ముందుండాలి.

దూరం ఎక్కువైతే ఇంకో తంటా. "డ్రమ్మర్ తాళం తప్పాడండీ, కళ్ళారా చూశాం" అంటారు. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 345 మీటర్లు. స్టేజీకి వంద మీటర్ల దూరంలో మీరుంటే పుల్ల దెబ్బ మీ చెవికి 0.29 సెకను ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కో దెబ్బకూ మధ్య అర సెకనే, అంటే సగం దెబ్బకు మించి తేడా. చెయ్యి ముందు లేస్తుంది, మోత తర్వాత వస్తుంది. దగ్గరున్నవాళ్ళకు దీనికి తలకిందులు: కెమెరా నుంచి ఎల్‌ఈడీ తెరకు బొమ్మ రావడానికి కొంత సమయం పడుతుంది గనుక బొమ్మే వెనకబడుతుంది. తాళం చూడకండి, వినండి.

అపోహ: దూది పెట్టుకుంటే చెవులకేం కాదు, గుయ్‌మన్నా పొద్దుటికి తగ్గిపోతుంది

ముందు వరస మోజు రెండోసారి వసూలు చేసేది ఇక్కడే. దూది ఆపేది చాలా తక్కువ, ఆ కాస్తా పై స్వరాలనే. పెట్టుకున్నామన్న ధైర్యం మాత్రం ఎక్కువ.

పనిచోట్ల శబ్దానికి అమెరికా సంస్థ నియోష్ పెట్టిన లెక్క గుర్తుంచుకోండి: 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికలకు సూచించిన పైహద్దు, 15 నిమిషాల సగటున, 100 డెసిబెల్స్. ప్రోగ్ కచేరీ రెండున్నర గంటలు సాగుతుంది. గుణించుకోండి.

మందుల షాపులో దొరికే ఫోమ్ ప్లగ్గులు చాలు, పెట్టే పద్ధతే చాలామందికి తెలియదు. శుభ్రమైన వేళ్ళతో సన్నటి పుల్లలా నలపాలి. రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగాలి. లోపలికి తోసి, ఉబ్బేదాకా ముప్పై సెకన్లు వేలితో పట్టి ఉంచాలి. సగం బయటికి కనపడుతుంటే పెట్టనట్టే. వీటితో సంగీతం కంబళి కప్పినట్టుంటుందని విసుగొస్తే మ్యూజీషియన్ ప్లగ్గులు కొనుక్కోండి. అవి అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా, 15-20 డెసిబెల్స్ తగ్గిస్తాయి. పాట పాటలాగే ఉంటుంది, మోత తగ్గుతుంది.

గుయ్‌మనడం రెండు రోజులు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే తెల్లారేదాకా ఆగొద్దు, చుక్కల మందు వేసుకుని కూర్చోవద్దు. అలాంటి వినికిడి లోపానికి వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఇప్పటికే చెవిలో మోత ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు "మేం వెళ్ళొచ్చా" అని భయపడుతూ అడుగుతారు. డాక్టరు వద్దనకపోతే వెళ్ళొచ్చు. మంచి ప్లగ్గులు, కుర్చీ ఉన్న టికెట్టు, సబ్‌లకు దూరం, ఈ మూడూ చూసుకోండి.

అపోహ: శ్రుతి దించారంటే పనైపోయినట్టే

ఈ మాట మన బెజవాడలో వినపడటం విచిత్రం. వయసు మీదపడ్డ గాత్ర విద్వాంసుడు అర శ్రుతి దించి పాడితే ముందు వరసలో తలలూపే ఊరు ఇది. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో హార్మోనియం ఏ కట్టె మీదుందో చెప్పగల పద్యనాటక అభిమానులున్న ఊరు. అదే పని రాక్ గాయకుడు చేస్తే తప్పెలా అవుతుంది?

శ్రుతి దించడం తేలిక పనేం కాదు. అర స్వరం దించితే గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్ నుంచి 78కి దిగుతుంది. తీగ వదులై ఫ్రెట్లకు తగిలి జిరజిరమంటుంది, అందుకని ఒక సైజు లావు తీగలు వేసి మెడ వంపు మళ్ళీ సరిచెయ్యాలి. డిజిటల్ కీబోర్డుకైతే ఒక బటన్. ఫ్లూట్‌తోనే చిక్కు. మన వేణువు విద్వాంసుడు శ్రుతికో వేణువు తీస్తాడు. పాశ్చాత్యుల లోహపు ఫ్లూట్‌కు ఆ వీలు లేదు. గొట్టం బయటికి లాగితే దిగేది కొద్దిగానే, ఎక్కువ లాగితే స్వరాల మధ్య దూరాలే చెడతాయి. యాభై ఏళ్ళుగా వేళ్ళకు అలవాటైన పాటను ఆ వాయిద్యకారుడు కొత్త వేళ్ళతో మళ్ళీ నేర్చుకోవాలి.

జెథ్రో టల్ బ్యాండ్‌లో పాడుతూ ఫ్లూట్ వాయించే ఇయాన్ ఆండర్సన్ తనకు ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ ఉన్న సంగతి 2020లో బయటపెట్టాడు. దశాబ్దాల పాటు స్టేజీ మీద పీల్చిన పొగ యంత్రాల పొగనే తప్పుపట్టాడు. అలాంటి మనిషి ఫ్లూట్ ఊదుతూ పాడుతుంటే ఒక స్వరం తగ్గిందని లెక్కలు తియ్యడం నాకైతే నచ్చదు. జెనిసిస్ బ్యాండ్ 2021-22 యాత్రలో గాయకుడు ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చునే పాడాడు, డ్రమ్స్ కొడుకు నిక్ వాయించాడు. దాచిందేముంది?

అపోహ: అంతా రికార్డే, పైకి నటిస్తారు

డ్రమ్మర్ చెవిలో లయ చెప్పే క్లిక్ వినపడుతున్నంత మాత్రాన పాట రికార్డు కాదు. వెనక తెరమీద ఫిల్మ్ టైమ్‌కోడ్‌తో, అంటే క్షణక్షణం గుర్తులతో, నడుస్తున్నప్పుడు పాట దానితో కలిసి నడవాలి, క్లిక్ అందుకోసం. గడియారాల మోతలు, గాయక బృందాలు లాంటివి టేపు నుంచి రావడం 1970ల నుంచీ ఉన్నదే. అసలు మెలోట్రానే టేపు వాయిద్యం: 35 మెట్లు, ఒక్కో మెట్టు కింద సుమారు ఎనిమిది సెకన్ల టేపు, మెట్టు వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. ఎండకూ తేమకూ పాడయ్యే ఆ పెట్టె బదులు ఇప్పుడు డిజిటల్‌ది మోసుకొస్తున్నారు. ధ్వని ఆ టేపులదే.

ఇంకొన్ని, త్వరత్వరగా

"అసలు సభ్యులు లేరు, అది బ్యాండే కాదు." 1968లో యెస్ బ్యాండ్‌ను మొదలుపెట్టినవాళ్ళలో ఇప్పటి యెస్‌లో ఒక్కరూ లేరు, గిటారిస్టు స్టీవ్ హౌ కూడా చేరింది 1970లోనే. కింగ్ క్రిమ్సన్‌లో మొదటినుంచీ చివరిదాకా ఉన్నది రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే, చివరి యాత్రల్లో స్టేజీ మీద ముందు వరసలో ముగ్గురు డ్రమ్మర్లు కూర్చున్నారు. పాట ముఖ్యమో మొహం ముఖ్యమో మీరే తేల్చుకోండి. పోస్టర్ మీద మాత్రం బ్యాండ్ పేరుందా, ఒక సభ్యుడి పేరుందా, ట్రిబ్యూట్ అనుందా చదివి డబ్బు కట్టండి.

"ఫోన్ వీడియోలో చూశాం, గొంతు పోయింది." ఫోన్ మైకు పెద్ద శబ్దానికి తనంతట తాను వాల్యూమ్ నొక్కేస్తుంది. బేస్ దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు అణిగిపోతుంది. పైగా ఆ వీడియోలు తీసేది ముందు వరసవాళ్ళే!

"టికెట్టు మీద ఆరున్నర అంటే ఎనిమిదికి మొదలవుతుంది." ఇది మన సినిమా ఫంక్షన్ల అలవాటు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ నిషేధం. ప్రత్యేక అనుమతితో అర్ధరాత్రి దాకా సడలింపు ఏడాదికి కొద్ది రోజులకే. కాబట్టి ఇలాంటి బ్యాండ్లు గడియారం చూసుకుని స్టేజీ ఎక్కుతాయి. మధ్యాహ్నం దిగాల్సిన రైలు నమ్ముకుని వెళ్ళకండి, ముందురోజు రాత్రే బయల్దేరండి. జెథ్రో టల్ లాంటివాళ్ళ ప్రదర్శనలో మధ్యలో విరామం ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ బ్యాగులో కాకుండా చొక్కా జేబులో పెట్టుకోండి. లైట్ల కోసం వదిలే పొగమంచు గాలివాటాన మిక్సర్ దాకా వస్తుంది.