మగవారి ఎముకలు, హార్మోన్లు, జాతి: అపోహలు - వాస్తవాలు

నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగి, విజయనగరంలో నా దగ్గరకు వచ్చారు. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ కాగితం మీద, ఎముక పలచబడిందని తెలిపే ఎర్ర పట్టీలో పడిన చిన్న చుక్కను వేలితో చూపిస్తూ, "మగసత్తువ తగ్గిపోనాదేటి బాబూ?" అని అడిగారు. ఇలాంటి సందేహాల వెనుక ఉన్న అపోహలను వివరించడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: ఏ జాతి మగవారిలో టెస్టోస్టెరాన్ (మగ హార్మోను) ఎక్కువో, వారి ఎముకలే గట్టివి.

వాస్తవం: అమెరికా, స్వీడన్, హాంకాంగ్, జపాన్, కరీబియన్ దీవి టొబాగోలలో వయసు మళ్లిన మగవారిని పోల్చి 2010లో ప్రచురించిన పరిశోధనలో, హాంకాంగ్, జపాన్ వారి టెస్టోస్టెరాన్ మిగిలినవారికంటే దాదాపు 20 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో స్థిరపడిన ఆసియా మగవారిలో మాత్రం ఆ ఆధిక్యం లేదు. అంటే తేడా అంతా పుట్టిన జాతిలోనే ఉందనడానికి వీల్లేదు. ఎముక సాంద్రత సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. టొబాగోలోని ఆఫ్రికా మూలాలవారిది బాగా ఎక్కువ, ఆసియావారిది తక్కువ. ఎత్తు, బరువులను లెక్కలోకి తీసుకుంటే ఆసియావారి లోటు కూడా చాలావరకు తగ్గిపోయింది.

అపోహ: ఈస్ట్రోజెన్ ఆడవారి హార్మోను, మగవారికి దానితో పనిలేదు.

వాస్తవం: మగవారి శరీరంలో కొంత టెస్టోస్టెరాన్ అరోమటేజ్ అనే ఎంజైము వల్ల ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, ఎముకను కాపాడే పనిలో పెద్ద వాటా దానిదే. 1994లో వైద్య పత్రికకెక్కిన 28 ఏళ్ల యువకుడి శరీరం, జన్యులోపం వల్ల ఈస్ట్రోజెన్‌కు స్పందించేది కాదు. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉన్నా అతని ఎముకలు గుల్లబారాయి, 204 సెంటీమీటర్లకు చేరినా ఎదుగుదల ఆగలేదు.

అపోహ: స్కాన్‌లో చుక్క ఎర్ర పట్టీలో పడితే అది మన జాతి బలహీనతే.

వాస్తవం: ఆ చుక్క ఎక్కడ పడాలో తేల్చే తుంటి స్కోరును సాధారణంగా అమెరికాలోని తెల్లజాతి యువతుల కొలతలతో పోల్చి లెక్కిస్తారు. పైగా డెక్సా ఎముక మందాన్ని కొలవదు, పరచిన నీడనే కొలుస్తుంది కనుక సన్నని ఎముక ఉన్నదానికంటే పలచగా కనిపిస్తుంది. అయితే నిలుచున్నచోట జారిపడితేనే తుంటి విరిగిందంటే, స్కోరు ఎంతైనా అది ఎముక గుల్లబారిన జబ్బే.

టెస్టోస్టెరాన్ లోపం నిజంగా ఉంటే ఎముకకు నష్టమే. దాన్ని ఉదయం పూట, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్షించాలి. అంతకుముందే నేను అడిగేది, ఎముకను దెబ్బతీయగల మూత్రపిండాల జబ్బు సంగతి (ఉద్దానంవైపు నుంచి వచ్చినవారిని మరీ గుచ్చి అడుగుతాను), ఆ తర్వాత కీళ్లనొప్పుల మాత్రల సంగతి. పెద్దాయన కొడుకు మర్నాడు తెచ్చిన పొట్లంలో ఉన్నవి, ఎముకను గుల్లచేసే స్టెరాయిడ్ మాత్రలు. మోకాళ్ల నొప్పికని ఏళ్ల తరబడి వాడుతున్నారట. వాటిని ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే కనుక, ఏ వారం ఎంత తగ్గించాలో కాగితం మీద రాసి కొడుకు చేతికిచ్చాను.