కనుబొమల మధ్య గీత

అద్దం ముందు నిలబడి, ఎండలోకి చూసినట్టు కనుబొమలు రెండూ గట్టిగా దగ్గరకు లాగండి. మధ్యలో ఒకటో రెండో నిలువు గీతలు లేస్తాయి. అలాగే ఉంచి, కనుబొమ లోపలి కొస మీద వేలు ఆనించండి. చర్మం కింద బిగిసిన చిన్న కండ తగులుతుంది. ముఖం వదులు చేయగానే మాయమవుతుంది. గీత గీసింది అదే.

ఒంట్లో చాలా కండరాలు ఎముకకూ ఎముకకూ మధ్య ఉంటాయి. ముఖ కండరాలు మాత్రం చాలావరకు ఒక కొసతో చర్మాన్నే పట్టుకుని ఉంటాయి. అందుకే నవ్వినా, కోపమొచ్చినా, చత్వారం వచ్చి ఫోన్ దూరంగా పెట్టుకుని చదివినా చర్మం మడత పడుతుంది. చిన్న వయసులో ఆ మడత వెంటనే సాఫీ అవుతుంది. చర్మాన్ని నిలబెట్టే కొలాజెన్, ఎలాస్టిన్ పోగులు వయసుతోనూ ఎండతోనూ పొగ తాగడంతోనూ దెబ్బతిన్నాక మడత అక్కడే ఉండిపోతుంది. బీరువాలో పట్టుచీరను ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంచితే అక్కడ చీర నలిగి, చివరికి చిరుగుతుంది కదా. అమ్మ ఏడాదికోసారి మడత మార్చి పెట్టేది అందుకే.

ముడతలకు వేసే బొటాక్స్ సూది చర్మాన్ని ఇస్త్రీ చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చర్మానికి ఏమీ చేయదు. మడత పెట్టే కండరాన్ని కొన్నాళ్లు ఊరుకోబెడుతుంది.

అదెలాగంటే, నరం కొసలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిన్న చిన్న తిత్తుల్లో నిండి ఉంటుంది. మెదడు నుంచి ఆజ్ఞ రాగానే తిత్తులు నరం గోడకు అతుక్కుని తెరుచుకుంటాయి. లోపలి రసాయనం కండరానికి చేరుతుంది, కండరం బిగుస్తుంది. తిత్తిని గోడ దగ్గరకు లాగే ప్రొటీన్లలో స్నాప్-25 ఒకటి. సూదిలోని బొటులినమ్ టాక్సిన్ అనే విషం నరం కొసలోకి దూరి ఆ ప్రొటీన్‌ను కోసేస్తుంది. నరం బతికే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, మధ్యలో కబురు మాత్రం అందదు. స్పర్శ పోదు. నుదుటి మీద చీమ పాకితే ఎప్పటిలాగే తెలుస్తుంది.

సూది వేసిన మూడు నాలుగు రోజులకు తేడా మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తిగా కనిపిస్తుంది. ఈలోగా నరం కొత్త మొలకలు వేస్తుంది, పాత కొస కూడా క్రమంగా కోలుకుంటుంది. మూడు నాలుగు నెలలకు కనుబొమలు మళ్లీ ముడిపడతాయి.

ఈ మందు పుట్టిన చోటు తెలిస్తే భయం వేస్తుంది. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో పాడైన సాసేజ్‌లు తిని జనం చనిపోతుంటే, యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ విషాన్ని తన మీదే ప్రయోగించి చూశాడు. చిన్న మోతాదులో అది మందుగా పనికొస్తుందని కూడా ఊహించాడు. 1895లో బెల్జియంలో నిల్వ పందిమాంసం తిన్న సంగీతకారులు జబ్బుపడ్డాక, ఎమిల్ వాన్ ఎర్మెంగెం ఆ విషం చేసే బాక్టీరియాను పట్టుకున్నాడు. పసిబిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానేయండి. తేనెలో ఈ బాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషం చేయగలవు.

శాన్‌ఫ్రాన్సిస్కో కంటి వైద్యుడు అలన్ స్కాట్ ఈ విషంతో మెల్లకన్ను సరిచేయవచ్చని చూపించాడు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 1987లో, కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కారుథర్స్ దగ్గర, రెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బున్న ఒకామెకు ఇదే చికిత్స జరుగుతోంది. ఈసారి కనుబొమల మధ్య ఎందుకు వేయలేదని ఆమె అడిగింది. అక్కడ వేస్తే ముఖం ప్రశాంతంగా ఉంటోందట! జీన్ ఆ మాట వదిలేయలేదు. చర్మ వైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి పరిశీలించి 1992లో ప్రచురించింది. కనుబొమల మధ్య గీతలకు అమెరికా అనుమతి 2002లో వచ్చింది.

ఆ గీతలకు మామూలు మోతాదు 20 యూనిట్లు. ఐదు చోట్ల, చోటుకు నాలుగు. అందులో ఉండే టాక్సిన్ బరువు మహా అయితే గ్రాములో వంద కోట్లో వంతు. చోటు కొద్దిగా తప్పితే కనురెప్ప వారాల తరబడి వాలిపోవచ్చు. గర్భిణులకు, మయస్తీనియా గ్రావిస్ వంటి నరాల-కండరాల జబ్బులున్నవాళ్లకు ఇది వద్దు.

ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే గాడికి ఈ మందు పెద్దగా పనికిరాదు. అక్కడ వాడేది చర్మం కింద నింపే ఫిల్లర్, ఎక్కువగా హయలురానిక్ ఆసిడ్ జెల్. అది నీటిని పట్టుకుని గాడిని కింది నుంచి ఎత్తుతుంది. నచ్చకపోతే ఒక ఎంజైమ్‌తో కరిగించవచ్చు. పొరపాటున రక్తనాళంలోకి పోతే మాత్రం చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. ముఖం లోపలి నాళాలు తెలిసిన చర్మ వైద్యులో ప్లాస్టిక్ సర్జనో చేయాల్సిన పని ఇది. బ్యూటీ పార్లర్‌లో డిస్కౌంట్ చూసి ముఖం అప్పగించకండి.

ముడతల సంగతి అలా ఉంచితే, ఈ సూది చేసే పనుల్లో నా మనసుకు దగ్గరైనది వేరే ఉంది. మెదడు దెబ్బతిని కదలికలు పట్టుతప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో కొందరికి పిక్క కండరాలు బిగుసుకుపోయి మునివేళ్ల మీదే నడుస్తారు. అదే టాక్సిన్ పిక్కలో వేసి, వ్యాయామం చేయిస్తే, బిగువు సడలి కొందరికి మడమ నేలకు ఆనుతుంది.